పటేళ్ల గుంట

మా అన్న రాజయ్య పిలిస్తే ఇంట్లో ఎవరూ పలికేవారు కాదు. ఎద్దులు మెడ తిప్పేవి కావు. మా వదిన రుక్కమ్మ చేట చెరగడం ఆపేది కాదు. తమ్ముణ్ణి కనక నాకైనా భయమూ భక్తీ ఉండాలి, కానీ నేనూ వినబడనట్టే బీడీ ముట్టించుకునేవాణ్ణి. ఆయన పిలిస్తే పరుగెత్తుకొచ్చే ప్రాణులు ఈ భూమ్మీద రెండే ఉండేవి. అవి మా ఇంటి వెనక బావిలో ఉండేవి. రెండూ వాలుగ చేపలు.

బావిలో చేపను వదలడం మా దిక్కు కొత్త కాదు. పురుగూ పుట్రా తిని నీళ్లు తేటగా ఉంచుతుందని అందరూ ఏదో ఒక చిన్న చేపను వదిలేవారు. మా అన్న చిన్నవాటితో తృప్తిపడే మనిషి కాదు. ఒక వానాకాలం చెరువు అలుగు పారినప్పుడు కల్లు లొట్టిలో రెండు వాలుగ పిల్లల్ని పట్టుకొచ్చి వదిలాడు. అవి ముందు పురుగుల్ని తిన్నాయి, తర్వాత కప్పల్ని తిన్నాయి, ఆ తర్వాత తినడానికి ఇంకేముందా అని పైకి చూడటం మొదలుపెట్టాయి. అన్న బొక్కెన అంచును రాతి మీద టంగుమని కొట్టేవాడు. రెండూ పైకి తేలి, పిడికిలి పట్టేంత నోళ్లు తెరిచి, ఆయన వేసే మిడతల కోసం మీసాలు ఆడించేవి.

ఊళ్లో అప్పుడు పోలీసు పటేలనీ, మాలీ పటేలనీ ఇద్దరు పెద్దమనుషులు ఉండేవారు. ఒకాయన తగవులకు, ఒకాయన శిస్తులకు. ఇద్దరికీ చెవుల దాకా మీసాలు. చేపలకూ అంతే. అందుకని పెద్దదానికి పోలీసు పటేలని, చిన్నదానికి మాలీ పటేలని పేర్లు స్థిరపడిపోయాయి. ఒకరోజు బావి దగ్గర ఆడవాళ్లు మాలీ పటేలు నోరు ఎంత వాసన కొడుతుందో చెప్పుకుని నవ్వుతుంటే అసలు మాలీ పటేలు దారిన పోతూ విన్నాడట. ఆ నెల రోజులూ ఆయన తమలపాకులు నమలకుండా గడప దాటలేదని చెప్తారు. చెప్పేది నేనే అనుకోండి.

పోలీసు పటేలు ఒకసారి బొక్కెననే మింగిందని, నలుగురం చేంతాడు పట్టుకుని లాగితే చేపా బొక్కెనా కలిసే పైకి వచ్చాయని, బొక్కెనలో కప్ప ఇంకా బతికే ఉందని నేను బాలానగర్‌లో పనిచేసే వర్క్‌షాపులో చెప్పాను. అక్కడ ఒక్కడూ నమ్మలేదు. మా వాడలో నమ్మారు. ఆ లాగిన నలుగురిలో మేమూ ఉన్నామని ఆరుగురు సాక్ష్యం కూడా పలికారు.

డెబ్బై రెండులో వానలు మొహం చాటేశాయి. నేను చెప్పేది ఆ తర్వాత వచ్చిన ఎండాకాలం సంగతి. ఫాల్గుణంలో కాముని పున్నమకే చెరువు నెర్రెలు బారింది. వాడలో బావులన్నీ ఒకటొకటిగా అడుగంటాయి. మా బావిలో మాత్రం నీళ్లు నిలిచాయి. దానికి కారణం మా గొప్పతనం కాదు, కింద ఉన్న బండ. మా కొత్తగూడ అనగానే ఇప్పుడు మీకు వంతెనా దాని కింద హారన్లూ గుర్తొస్తాయి గానీ, మట్టి గీకితే అప్పుడైనా ఇప్పుడైనా తగిలేది పరుపుబండే. మా పెరడు కింద అంతా ఒకే బండ. దుప్పటిలా పరుచుకుని, సరిగ్గా బావి అడుగున పళ్లెంలా గుంటపడి ఉండేది. ఊరిన నీళ్లు ఆ పళ్లెంలో చేరి ఎటూ పోకుండా నిలిచేవి. వాడంతా మా బావికే వచ్చేది. చేదుకునేవాళ్లను ఆపొద్దని మా నాయిన పోతూ పోతూ చెప్పాడు. వదిన ఎవరినీ ఆపేది కాదు. గిలకకు ఆముదం మాత్రం తనే రాసేది.

ఉగాది దాటేసరికి ఆ పళ్లెంలో నీళ్లు మోకాలి లోతుకు వచ్చాయి. బొక్కెన దించితే నీళ్లకంటే ముందు చేప వీపు తగిలేది. పొరుగింటి పోచయ్య వాడకు పెద్దమనిషి, వరసకు మాకు పెదనాయిన. కూతురి కూతురు కనకలక్ష్మిని చంకనేసుకుని ఒక పొద్దున బావిగడ్డ మీదికి వచ్చాడు.

"రాజిగా, నీ పటేళ్ల వీపులు పుండ్లు పడ్డయి. నీళ్లల్ల నీచు వస్తున్నది. కోసుకుతింటవో, ఇంకేడనన్న పెట్టుకుంటవో నీ ఇష్టం. బాయి మాత్రం ఇడిసిపెట్టాలె."

"గుంట తవ్వుత పెదనాయినా. గీడనే, బాయి పక్కకు."

వదిన గిలక దగ్గర నుంచి తల ఎత్తకుండానే అడిగింది. "గుంటల నీళ్లేడికెళ్లి వస్తయో గది గూడ చెప్పు."

"బాయిగడ్డ మీద ఒలికిన నీళ్లన్ని మోరీల పడి పోతలేవా? గవ్వే మలుపుత. ఒక్క బొక్కెన ఎక్కువ చేదితే నన్నడుగు."

ఆ మాటలో తప్పు పట్టడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు. బావిగడ్డ మీద ఒలికే నీళ్లు నిజంగానే చాలా ఉండేవి. ఎక్కడో ఊరవతల తవ్వితే ఆ నీళ్లు పారవు. అందుకే బావిని ఆనుకుని, మనిషి పడుకుంటే తలా కాళ్లూ తగిలేంత దూరంలో గీత గీశాడు. వాలుగ పొడవైన చేప, అది తిరగడానికి జాగా కావాలని నలుచదరంగా కాకుండా కోడిగుడ్డు ఆకారంలో గీశాడు. కనకలక్ష్మి ఆ గీత మీదే నడుస్తూ రోజంతా ఆడింది. పోలీసు పటేలుకు దండం పెట్టనిదే మూతి తెరవడని అన్న ఆ పిల్లకు నేర్పాడు. అది బావిలోకి వంగి రెండు చేతులూ జోడించేది. తాత వెనక నుంచి లంగా అంచు పట్టుకునేవాడు.

గుంట తవ్వుతుంటే వాడలో మగవాళ్లంతా వచ్చారు. పొలాల్లో పని లేదు, పని లేనివాళ్లకు ఇంకొకరి పని చూడటం కంటే వినోదం లేదు. మొదట చూశారు, తర్వాత సలహాలు చెప్పారు, చివరికి పారలు పట్టారు. నడుము లోతు రాకముందే బండ తగిలింది. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు తప్ప ఏమీ రాలేదు.

బండను గెలిచే పద్ధతి మా దిక్కు అందరికీ తెలిసిందే. ఎండాకాలంలో గుట్టల మీద చేసే పని అదే. బండ మీద మొద్దులు పేర్చి రోజంతా మంట పెడతారు. నిప్పు ఆరాక దాని మానాన దాన్ని చల్లారనిస్తారు. తెల్లారి సమ్మెటతో కొడితే పైపొర జొన్నరొట్టెలా లేచి వస్తుంది. మేమూ ఎండిపోయిన సీతాఫలం చెట్లూ తాటి మొద్దులూ తెచ్చి మంట పెట్టాం. మొదటి పొర బాగా లేచింది. పొర కింద బండ లేత గులాబీ రంగులో, అప్పుడే పుట్టినదానిలా ఉంది. అన్న దాని మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. ఇంకో పొర తీస్తే చేపలకు ఎండ తగలనంత లోతు వస్తుందన్నాడు.

రెండో మంట మొదటిదానికంటే పెద్దది. సాయంత్రానికి నిప్పు ఆరింది కానీ బండ దగ్గరికి పోతే కనుబొమలు కాలుతున్నాయి. ఇక మర్నాటిదాకా ఆగాలి. కానీ ఆ మధ్యాహ్నమే మాలీ పటేలు బావిలో పక్కకు ఒరిగి తేలిందని వదిన చెప్పింది. అన్న బావికీ గుంటకూ మధ్య తిరుగుతున్నాడు.

పోచయ్య గుంట గట్టున కూర్చుని చుట్ట పీలుస్తున్నాడు. "తెల్లారేదాంక ఏం జూస్తవ్ రా? నాలుగు బొక్కెనలు గుమ్మరియ్యి. అదే పలుగుతది" అన్నాడు.

అన్న గుమ్మరించాడు. ఆవిరి లేచి మాకు ఎదుటి మనిషి కనబడలేదు. ఆ తెల్లటి పొగలో బండ పలికింది. పైన కాదు, కింద. మా కాళ్ల కింది నుంచి ఏదో పెద్ద జంతువు ఒళ్లు విరుచుకున్నట్టు ఒక చప్పుడు పెరడంతా పాకి ఇంటి వైపు పోయింది. లోపల చిలుక్కొయ్యకు తగిలించిన గిన్నెలు మోగాయని నా భార్య భాగ్యమ్మ బయటికి వచ్చి చెప్పింది. పొగ తేరుకున్నాక చూస్తే బండ నిట్టనిలువునా చీలి ఉంది. మేమందరం ఈలలు వేశాం. పోచయ్య చుట్ట నోట్లో పెట్టుకునే నవ్వాడు.

మర్నాడు పొద్దునకల్లా ముక్కలు తీసేసి, చెరువు అడుగు నుంచి తెచ్చిన నల్లమట్టి మెత్తి, పాత చీరతో పటేళ్లను పైకి తెచ్చి కొత్త గుంటలో వదిలాం. మొదటిసారికి మాత్రం బావిలోంచి చేది పోయాల్సి వచ్చింది. అందరూ తలా ఒక బొక్కెన చేదారు. చేపలు గుండ్రంగా తిరిగాయి. మీసాలతో మట్టిని తడిమి చూసుకున్నాయి. అన్న ఆ పూట అన్నం గుంట గట్టునే తిన్నాడు. కనకలక్ష్మి దండాలు పెట్టీ పెట్టీ అలసిపోయి అక్కడే నిద్రపోయింది.

ఆ తర్వాతి రోజు పొద్దున నేను సైకిల్‌కు గాలి కొట్టుకుంటుంటే బావి దగ్గర వదిన నిలబడి ఉంది. చేంతాడు వదిలేసి, చేతులు ఊరకే పెట్టుకుని.

"మొగిలీ, అద్దం తీస్కరా" అంది.

నేను గోడకున్న అద్దం తెచ్చి ఎండను బావిలోకి తిప్పాను. వెలుతురు గోడల మీద జారి అడుక్కు చేరింది. బొక్కెన బండ మీద పక్కకు పడి ఉంది. దాని చుట్టూ తడి తప్ప నీళ్లు లేవు. పళ్లెం మధ్య నుంచి ఒక గీత, పైనుంచి తలవెంట్రుకలా కనబడుతూ, గుంట ఉన్న వైపు పోయింది.

అన్న వచ్చి చూశాడు. అద్దం ఇటివ్వమని తీసుకుని తనే తిప్పి చూశాడు. గోడలు చూశాడు, మళ్లీ అడుగు చూశాడు. ఎంతసేపటికీ అద్దం దించలేదు. ఆ బావి తర్వాత ఎన్ని వానలు చూసిందో! రాత్రి నిండేది, తెల్లారేసరికి మింగేసేది.

వాడంతా చేరింది. పోచయ్య చాలాసేపు బావిలోకి చూసి, ఇటు తిరిగాడు.

"బండ నీ పెరట్లది. మంట నీది. శాపలు నీవి. మా నోట్ల మన్ను గొట్టినవ్ రాజిగా."

నీళ్లు గుమ్మరించమన్నది ఎవరో నాకు తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు. నేను నోరు తెరిచాను. అన్న నా మోచేయి పట్టుకుని నొక్కాడు. ఆ తర్వాత కూడా ఆయన ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు, ఇంట్లో కూడా.

"మిరుగం దాంక నీళ్లు నేను దెస్త" అన్నాడు. "వాడకంతా. ఎవలు ఫికర్ చెయ్యకుండ్రి."

మృగశిర కార్తెకు వానలు మొదలవుతాయని మా లెక్క. అంటే ఇంకా రెండు నెలలు. మాట అంత తేలిగ్గా ఎలా అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

వర్క్‌షాపు నుంచి నేను రెండు ఖాళీ పీపాలు తెచ్చాను. బూడిదతో ఎంత తోమినా నూనె వాసన వదల్లేదు. ఖాజాగూడ దాటాక ఒక ఆసామి మామిడితోటలో ఇంజను బావి ఉండేది. తోటమాలి పొద్దున్నే రెండు పీపాలు నింపుకోనిచ్చేవాడు. అన్న చీకటితో బండి కట్టి పోయి, ఎండ ముదిరేసరికి వచ్చేవాడు. వదిన గడపలో నిలబడి ఇంటికింతని పోసేది. నీళ్లు తక్కువైతే తిట్లు తినేది ఆమే. ఒకామె బిందె మా గుమ్మంలో విసిరికొట్టి పోయింది. వదిన ఆ బిందె సొట్ట తీసి, నింపి, వాళ్లింటికి పంపింది. భాగ్యమ్మకు మాత్రం ఓర్పు లేదు. చంటిపిల్లతో ఈ పెంట ఎందుకు, బాలానగర్‌లో కిరాయికి ఉందామని రోజూ నా చెవిలో పోరేది.

గుంటలో మట్టి గట్టిగా పట్టింది, నీళ్లు ఇంకలేదు. కానీ ఎండకు ఆవిరైపోయేవి. అన్న రోజూ సాయంత్రం ఒక చెంబు తెచ్చి గుంటలో పోసేవాడు. ఒకనాడు అది చూసి ఇద్దరు ఆడవాళ్లు వాడంతా చాటారు. పెద్ద రభస అయింది. అన్న ఒక్క మాటే అన్నాడు, "గది నా వంతు." ఎవరూ నమ్మలేదు. వదిన గిన్నెల లెక్క తెలిసినది కనక నమ్మింది. ఆయన పెదవులు చూస్తే నాకూ తెలిసింది. చిట్లి, తెల్లగా పొట్టు లేచి, నవ్వబోతే రక్తం వచ్చేది. ఆ రోజుల్లో నవ్వింది తక్కువే లెండి.

ఎండిన గడ్డి కూడా దొరక్క ఎద్దులు ఎముకలపోగులయ్యాయి. రోహిణి కార్తెలో ఒక ఆదివారం, నాకు సెలవు కనక, వెనక నుంచి నేను బండి తోస్తున్నాను. గుట్ట ఎక్కుడులో ఎడమ ఎద్దు ముందు కాళ్లు మడిచింది. లేస్తుందనుకున్నాం. అది మెల్లగా, తొందరేమీ లేనట్టు పక్కకు వాలింది. కాడి వంగింది, బండి ఒరిగింది, పీపాలు దొర్లాయి. నీళ్లు దారి మీద కొంతదూరం పారి ఆగిపోయాయి. మేము చూస్తుండగానే తడి కూడా ఆరిపోయింది. అన్న ఎద్దు తల ఒళ్లో పెట్టుకుని, చెవుల వెనక గోకుతూ, అది పూర్తిగా పోయేదాకా కూర్చున్నాడు. తర్వాత లేచి కాడి ఎత్తి, రెండో ఎద్దు పక్కన తన భుజం పెట్టాడు. ఇద్దరం ఖాళీ పీపాలతో ఇల్లు చేరాం.

ఆ పూట వాడలో నీళ్లు లేవు. కొందరు పారలు పట్టుకుని చెరువులో ఊటనీళ్ల కోసం చెలిమెలు తవ్వడానికి పోయారు. పోచయ్య భార్య పోచమ్మ మాత్రం కడవ పట్టుకుని మా పెరట్లోకి వచ్చింది. గుంట గట్టున నిలబడి చూసింది. నీళ్లు పిక్కల లోతు ఉన్నాయి, పచ్చగా. చేపలు కదిలితే అడుగు మట్టి లేచింది. ఆమె వంగి కడవ ముంచబోయి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, నిటారుగా నిలబడింది.

"నీచు గొడుతున్నయి. చెలిమె నీళ్లే నయం" అని వెళ్లిపోయింది.

అన్న పశువుల కొట్టం దగ్గర కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. ఆమె కడవ ముంచకుండా తిరిగిపోతుంటే ఆయన భుజాలు కిందికి దిగాయి. పట్టి ఉంచిన ఊపిరి వదిలాడు. నేను చూశాను. వదినా చూసింది. ఆమె లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

సోమవారం పొద్దున నేను డ్యూటీకి బయల్దేరుతుంటే పోచయ్య పిల్లను భుజాన వేసుకుని వచ్చాడు. తెల్లవారుజాము నుంచి వాంతులూ విరేచనాలూ అట. పిల్ల కళ్లు లోపలికి పోయాయి. చేతి మీద చర్మం పట్టుకుంటే మడత అలాగే నిలిచింది.

"దవఖానకు తోల్కపో మొగిలీ. జర జల్ది."

ఆయన కనకలక్ష్మిని ఒళ్లో పెట్టుకుని వెనక క్యారియర్ మీద కూర్చున్నాడు. నేను తొక్కాను. నా జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ తొక్కలేదు. కూకట్‌పల్లి దాకా పోచయ్య పిల్లతో మాట్లాడుతూనే ఉన్నాడు. పట్నంలో డబుల్ డెక్కర్ బస్సు చూపిస్తానన్నాడు, పైన కూర్చోబెడతానన్నాడు, మిఠాయి కొనిపెడతానన్నాడు. ఎదురుగాలి, దుమ్ము. నాకు సగమే వినబడుతోంది. మూసాపేట దాటాక ఆయన మాటలు ఆగిపోయాయి. నేను ఇంకా గట్టిగా తొక్కాను.

చాలా దూరం పోయాక వెనక నుంచి నా వీపు మీద చెయ్యి పడింది.

"ఇగ మలుపు" అన్నాడు.

నేను సైకిల్ మలిపాను. వచ్చేటప్పుడు ఇద్దరం నడిచే వచ్చాం. ఆయన పిల్లను నాకు ఇవ్వలేదు.

ఎద్దు పక్కన కాడి మోసిన మొదటి రోజు కనక అన్న సాయంత్రానికి గానీ రాలేదు. కాడి దించి, పీపాలు దించి, కాళ్లు కడుక్కోకుండా నా దగ్గరికి వచ్చాడు. అప్పటికే ఆయనకు ఎవరో చెప్పారు.

"ఏం నీళ్లు తాగిందంట?"

"చెలిమె నీళ్లు."

ఆయన తల ఊపాడు. పెరట్లోకి పోలేదు. ఆ రోజు మొదలుకొని మిరుగం దాకా గుంట వైపు పోనే లేదు. బావిగడ్డ మీద బొక్కెన చప్పుడు వినబడలేదు. గిన్నెలు కడిగిన నీళ్లు మాత్రం ఎవరో గుంటలో పోస్తూ ఉండేవారు. వదినే అయి ఉండాలి. నేను అడగలేదు.

వాడలో తిట్లు ఆగిపోయాయి. ఆడవాళ్లు వచ్చి తమ వంతు నీళ్లు తీసుకుని, మారు మాట్లాడకుండా పోయేవారు. అన్న తెల్లవారకముందే ఎద్దు పక్కన కాడి కింద దూరేవాడు. ఎద్దుకు సాటిగా నడవడానికి ఆయన నడక కూడా మారింది. తల వంచి, బరువంతా మెడ మీదికి తెచ్చి, ఖాళీగా నడిచేటప్పుడు కూడా అలాగే. భుజం మీద కాయ పగిలి చీము పట్టింది. వదిన పసుపు నూరి పెట్టేది.

మిరుగం వచ్చింది. ఆకాశంలో గోరంత మబ్బు లేదు.

మిరుగం నాడు చేప తినాలని మా దిక్కు ఆచారం. కాలం మారేటప్పుడు ఒంట్లో వేడి పుట్టాలని, ఉబ్బసాలు రావని పెద్దలు చెప్తారు. ఎంత లేనివాళ్లయినా ఆ రోజుకు ఒక్క ముక్క సంపాదిస్తారు. ఆ ఏడు చెరువులన్నీ గట్టి నేల. బజారుకు వచ్చిన కాసిన్ని చేపలు మా వాడ దాకా రావు. తినకపోతే రాబోయే కాలం కూడా ఇలాగే పోతుందని ముసలివాళ్లు దిగులుపడుతున్నారు. ఇంత దూరంలో బతికున్న చేపలు ఎక్కడున్నాయో అందరికీ తెలుసు. నోరు విడిచి అడిగినవాడు లేడు.

ఆ రోజు అన్న నీళ్లు పోయించి లోపలికి వచ్చేసరికి వదిన పొయ్యి దగ్గర పెద్ద గుండిగలో చింతపండు నానేసి ఉంది. పక్కన కత్తిపీట. నూరిన కారం ముద్ద. ఇంట్లో ఉన్న అల్లం వెల్లుల్లి అంతా వలిచి పెట్టింది. ఆమె గుండిగలో చెయ్యి పెట్టి పులుసు పిసుకుతూ ఉంది.

అన్న గుమ్మంలో నిలబడి ఆ గుండిగ వైపు చూశాడు. మా ఒక్క ఇంటికి వండే గుండిగ కాదది.

బొక్కెన తీసుకుని పెరట్లోకి పోయాడు. నేను వెనకే పోయాను. గుంటలో నీళ్లు ఇక జానెడు. చేపల వీపులు బయటికే ఉన్నాయి, ఎండకు తోలు బిగిసి పగుళ్లిచ్చింది. ఆయన గట్టున కూర్చుని బొక్కెన అంచును రాతి మీద కొట్టాడు. రెండూ వచ్చాయి. ముందు పెద్దది, దాని వెనక చిన్నది, ఆ బురదలో ఈడ్చుకుంటూ వచ్చి, ఆయన చేతి కింద నోళ్లు తెరిచాయి.

రోకలి నేను తెచ్చి ఇచ్చాను. అంతకంటే చెప్పను. బొక్కెన మింగిన కథ లాగా దీన్ని ఇంకెక్కడా చెప్పలేదు కూడా.

మధ్యాహ్నానికి వాడంతా పులుసు వాసన. భాగ్యమ్మా నేనూ గిన్నెలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. ప్రతి గుమ్మంలోనూ తీసుకున్నారు. ఎవరూ ఇది ఏ చేప అని అడగలేదు. పోచయ్య ఇంటికి వదిన తనే తీసుకుపోయి, గడప లోపల పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసింది. మా ఇంట్లో ఆమె తిన్నది, నేను తిన్నాను. అన్న కంచం ముందు కూర్చుని, ఒక ముద్ద కలుపుకుని, చాలాసేపటికి అదీ తిన్నాడు.

పొద్దు వాలే వేళ పోచయ్య వచ్చాడు. పిల్ల పోయాక మా గడప తొక్కడం అదే మొదలు. చేతిలో మా గిన్నె. అన్న బండి చక్రానికి ఆముదం పెడుతున్నాడు. లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పంచెకు తుడుచుకున్నాడు.

పోచయ్య గిన్నె ఇవ్వకుండా పట్టుకునే నిలబడ్డాడు. గుంట వైపు చూశాడు. తర్వాత అన్న భుజం మీది పుండు వైపు చూశాడు.

"ముండ్లు లేవు రాజిగా" అన్నాడు. "పిల్ల తినేది."

గిన్నె బండి మీద పెట్టి వెళ్లిపోయాడు.

వాన ఆ రాత్రి రాలేదు, ఆ వారం రాలేదు. మిరుగం దాకా అని అన్న ఇచ్చిన మాట తీరిపోయింది. తెల్లారి ఆయన పీపాలు బండికెక్కించి కాడి కింద భుజం పెట్టాడు. ఇక చాలని వాడలో ఎవరూ అనలేదు. ఆయనా ఎవరినీ అడగలేదు.